ఉండటానికి సెలవు

ఎర్లాంగెన్,
18 ఏప్రిల్ 2016

చిరంజీవి ఈశ్వర్‌కు మామయ్య దీవెనలు.

ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం, మీ అత్తయ్య కుడికన్ను ఒక్కటి తప్ప. శుక్లం ముదిరిందన్నారు. ఆపరేషన్‌కు టెర్మిన్, అదే అపాయింట్‌మెంటు, అడిగితే ఆగస్టులో ఇచ్చారు. ఈలోగా ఎవరైనా మానుకుంటే పిలుస్తారట. ఈ దేశంలో దేవుడు ప్రత్యక్షమైనా ముందు టెర్మిన్ ఉందా అని అడుగుతారు. ముప్ఫై ఏళ్ళయింది కదా, గిరిజకీ నాకూ అలవాటైపోయింది.

ఫోన్ చెయ్యకుండా ఉత్తరం ఎందుకు రాస్తున్నానని ఆశ్చర్యపోకు. ఫోన్లో కోపమొస్తే టక్కున పెట్టేస్తాం. ఉత్తరమైతే ఎదుటివాడు చెప్పేది చివరిదాకా వినాల్సిందే. శ్రావ్య మ్యూనిక్‌లో చదివిన ఐదేళ్ళూ వారానికో ఉత్తరం రాశాను. దాని జవాబుల్లో తప్పులు ఎర్రసిరాతో దిద్ది తిరిగి పంపేవాణ్ణి. ఇక్కడే పుట్టిన పిల్లకు తెలుగు రాయడం వచ్చిందంటే అలా వచ్చిందే.

నిన్న గోవిందరాజులుగారింటికి భోజనానికి వెళ్ళాం. ఆయన ఫోన్లో ఒక వీడియో పెట్టి "ఇది మీ అల్లుడేగా?" అన్నాడు. రెడింగ్‌లో మీ తెలుగువాళ్ళ ఉగాది సభ. నువ్వు మైకు పట్టుకుని, జూన్ ఇరవైమూడున రెఫరెండంలో యూరోపియన్ యూనియన్ నుంచి బ్రిటన్ బయటికి రావడానికే అందరూ ఓటెయ్యాలని చెబుతున్నావు. అది నీ అభిప్రాయం. నాకు నచ్చలేదు, అయినా అభిప్రాయమే. అప్పుడు ముందు వరసలోంచి శ్రావ్య లేచి, "మరి నాలాంటి జర్మన్ పాస్‌పోర్టు వాళ్ళని ఏం చేస్తారు?" అని అడిగింది. నువ్వు నవ్వుతూ "నీకు ఓటు లేదు, కూర్చో" అన్నావు. హాలు హాలంతా నవ్వింది.

గోవిందరాజులు నవ్వలేదు పాపం. నాకు అదే మరీ కష్టంగా అనిపించింది. ఆ ముక్క రెండుసార్లు వెనక్కి తిప్పి చూశాను. మా అమ్మాయి కొంగు సర్దుకుని మెల్లిగా కూర్చుంది. చిన్నప్పుడు బళ్ళో టీచరు కోప్పడినా అలా కూర్చునే పిల్ల కాదు.

పెళ్ళయిన మూడేళ్ళలో నిన్ను ఒక్క మాట అనలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. ఎందుకన్నావలా?

జవాబు రాయి. సెలవు.

లక్ష్మణరావు

---

రెడింగ్,
27 ఏప్రిల్ 2016

మామగారికి నమస్కారం.

మీకు నేను రాసే మొదటి ఉత్తరం ఇది. చేతిరాత చూసి నవ్వకండి. మెస్సు పెట్టినప్పటి నుంచి ఆర్డర్లు తప్ప ఏమీ రాయలేదు.

సరదాకి అన్నాను మామగారూ. మైకు చేతిలో ఉండి, జనం చప్పట్లు కొడుతుంటే నోరు దాని దారిన అది పోతుంది. ఇంటికొచ్చాక శ్రావ్య ఏమీ అనలేదు. అనలేదు కాబట్టి కోపం లేదనుకున్నాను.

అయితే అసలు విషయంలో మాత్రం నేను వెనక్కి తగ్గను. బ్రహ్మయ్య గురించి శ్రావ్య చెప్పే ఉంటుంది. బాపట్లలో మా మేనమామ మెస్సులో పాతికేళ్ళు వంట చేసిన మనిషి. ఆయన చేతి గోంగూర తింటే మీరు సైకిలు మీద ఇక్కడికి వచ్చేస్తారు. ఆయనకోసం మూడుసార్లు వీసా పెట్టాను. మూడుసార్లూ లేదన్నారు. చదువు చాలదట, జీతం చాలదట. అదే యూరప్‌వాడైతే ఎవరైనా సరే, ఉల్లిపాయ తరగడం రాకపోయినా, విమానం దిగి రేపే పనిలో చేరొచ్చు. రెండేళ్ళుగా పొయ్యి దగ్గర నేనే నిలబడుతున్నాను. నడుము పడిపోయింది. ఈ ప్రచారం వాళ్ళు మా హాలుకొచ్చి, యూనియన్ వదిలేస్తే మీ వంటవాళ్ళకు వీసాలిస్తామని చెప్పారు. నమ్మానండీ. మీరైనా నమ్మేవారు.

ఇంకో తమాషా చెప్పనా? నాది ఇండియన్ పాస్‌పోర్టు, నాకు ఓటుంది. శ్రావ్యది జర్మన్ పాస్‌పోర్టు, తనకు లేదు. వీళ్ళు మనల్ని రెండు వందల ఏళ్ళు ఏలారు కనక నాకిచ్చారు, జర్మనీని ఏలలేదు కనక తనకివ్వలేదు. ఈ పద్ధతి నేను పెట్టింది కాదు కదా!

మీ ఉత్తరం చివర చూసి నవ్వొచ్చింది. యూనియన్‌లో ఉండమనే మీరేమో "సెలవు" అని ముగిస్తారు. వెళ్ళమనే నేను, మా ఇంట్లో అందరూ రాసినట్టు, "ఉంటాను" అని ముగిస్తాను. ఎవరు లీవ్, ఎవరు రిమెయినో మీరే చెప్పండి.

అత్తయ్యగారి కంటికి త్వరగా టెర్మిన్ దొరకాలని కోరుకుంటూ,

ఉంటాను.

ఈశ్వర్

---

ఎర్లాంగెన్,
9 మే 2016

అల్లుడుగారికి,

మీ ఉత్తరం అందింది. చాలా సరదాగా ఉంది. గిరిజకు చదివి వినిపిస్తే ఆవిడ నవ్వలేదు, బహుశా కన్ను కనిపించకపోవడం వల్లనేమో.

ఓటు లేకపోవడం తమాషా అని రాశారు. ఈ దేశం వచ్చాక, ఇండియన్ పాస్‌పోర్టు అప్పగించి మొదటిసారి ఓటు వేసేదాకా నాకు పదహారేళ్ళు పట్టింది. ఆ పదహారేళ్ళూ పన్నులు కట్టాను, మంచు ఊడ్చాను, ఎన్నికల రోజున కిటికీలోంచి పక్కింటివాళ్ళు వెళ్ళడం చూశాను. ఎవరూ నన్ను పదిమందిలో కూర్చోమనలేదు. అంత మర్యాద పరాయివాళ్ళకే ఉంది.

ఒక్క మాట అడుగుతాను. మీ దగ్గరున్న రెసిడెన్స్ కార్డు ఒకసారి బయటికి తీసి చదవండి. యూరోపియన్ పౌరురాలి కుటుంబ సభ్యుడు అని ఉంటుంది. మా అమ్మాయి ఆ పాస్‌పోర్టుతో అక్కడ ఉద్యోగం చేస్తోంది కాబట్టి మీరక్కడ ఉన్నారు. ఆమె ఉన్నన్నాళ్ళే మీరు. మీ మెస్సు, మీ మైకు, మీ చప్పట్లు అన్నీ ఆమె పాస్‌పోర్టు మీద నిలబడి ఉన్నాయి. ఆ పాస్‌పోర్టుకే తలుపు మూయమని ఊరందరికీ చెబుతున్నారు. దీన్ని ఏమనాలో నాకు తెలియదు. జర్మన్‌లో పదం ఉంది గాని రాయను.

అమ్మాయిని కొన్నాళ్ళు మా దగ్గరికి పంపండి. దానికి కాస్త ఊపిరాడుతుంది.

సెలవు.

లక్ష్మణరావు

---

రెడింగ్,
2 జూన్ 2016

మామగారికి,

మీ ఉత్తరానికి జవాబు రాయకూడదనే అనుకున్నాను. పాస్‌పోర్టు మీద బతికే అల్లుడు అన్నారు. అంత సూటిగా రాయకపోయినా చదివితే అదే. ఆ ఉత్తరం శ్రావ్య ముందు పెట్టి, మీ నాన్న ఏమన్నారో చూడు అని అరిచాను. ఆ తర్వాత మేమిద్దరం సరిగ్గా మాట్లాడుకోలేదు.

ఇప్పుడు మీ మాట ప్రకారమే మీ అమ్మాయి మీ దగ్గరికి వచ్చేసింది. నాకు చెప్పవలసినది చెప్పే వెళ్ళింది. నేను అడ్డం పడలేదు, పడను.

నా ఓటు పోస్టులో వేసేశాను. ఎటు వేశానో మీకు చెప్పనక్కర్లేదు. ఎవరి పాస్‌పోర్టూ లేకుండా నా కాళ్ళ మీద నేను నిలబడగలనో లేదో ఇక చూస్తాను.

అత్తయ్యగారిని అడిగానని చెప్పండి.

ఈశ్వర్

---

ఎర్లాంగెన్,
13 జూన్ 2016

ఈశ్వర్‌కు,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఒక్క ముక్క అర్థం కాలేదు. "చెప్పవలసినది చెప్పే వెళ్ళింది" అంటే ఏమిటి? ఏం చెప్పింది? నువ్వేం చెప్పావు?

నేను దాన్ని పిలిపించలేదు. మే ముప్ఫైన సాయంత్రం కంటి డాక్టరు దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. ఎవరో మానుకున్నారు, గురువారం రండి అన్నారు. ఆ కబురు శ్రావ్యకు చెప్పాను, అంతే. మర్నాడు మధ్యాహ్నానికల్లా న్యూరెంబర్గ్‌లో దిగింది. ఆపరేషన్ బాగా జరిగింది. గిరిజ ఇప్పుడు కిటికీలోంచి పక్కింటివాళ్ళ సైకిళ్ళు లెక్కపెడుతోంది.

బాగాలేనిది అమ్మాయే. రెండు వారాల కోసం వచ్చాననీ, ఇంకొన్ని వారాలు పొడిగించుకున్నాననీ అంది. ఎందుకంటే చెప్పదు. మీ ఆయన ఫోన్ చేశాడా అంటే, "చేరానని మెసేజ్ పెట్టాను నాన్నా, జవాబు లేదు. అతనికి నాతో పని లేదు" అంది. ఆ మాట తెలుగులో అని, ఏడుపు మాత్రం వంటింట్లోకి వెళ్ళి ఏడ్చింది. నువ్వు వెళ్ళిపొమ్మన్నావా? నిజం చెప్పు. అన్నావంటే ఆ సంగతి వేరే మాట్లాడుకుందాం.

నిన్న ఇక్కడి ఆస్పత్రి ల్యాబులో ఉద్యోగానికి దరఖాస్తు నింపుతూ కనిపించింది. ఇంటర్వ్యూ జూలై పదిహేనున. అది ఇక్కడ చేరిపోతే నీ కార్డు సంగతేమిటో నేను మళ్ళీ రాయను. ఒకసారి రాసిందానికే నాకు నిద్ర పట్టడం లేదు. కోపంలో రాశాను. నిజమే రాశాను, కానీ రాయకూడని నిజం.

దానికొక ఫోన్ చెయ్యి, లేదా ఎందుకు చెయ్యవో నాకు చెప్పు.

సెలవు.

లక్ష్మణరావు

---

రెడింగ్,
25 జూన్ 2016

మామగారూ,

ఈపాటికి మీకు తెలుసు. నేను ఓటేసిన వైపే గెలిచింది. నిన్న పొద్దున్నే బాపట్ల నుంచి బ్రహ్మయ్య ఫోన్. "ఏం బాబూ, మనోళ్ళు గెలిచారంట గదా, టిక్కెట్టు ఎప్పుడు తియ్యమంటా?" అన్నాడు. ఏం చెప్పాలో తెలియక పులుసు మాడిపోతోందని ఫోన్ పెట్టేశాను. ఇవాళ మెస్సుకొచ్చిన ఒక ఇంగ్లీషు పెద్దమనిషి, రోజూ వచ్చేవాడే, భోంచేసి డబ్బులిస్తూ "నువ్వెప్పుడు వెళ్తావు?" అని అడిగాడు. తిట్టినట్టు కాదు, మామూలుగా అడిగాడు. అదే భయమేసింది.

మా లాయరు, రేపు ఈ కార్డులు చెల్లకపోతే "లీవ్ టు రిమెయిన్" అని, ఇక్కడ ఉండనిచ్చే అనుమతి ఒకటుంది, దానికి పెట్టుకోవాలి అన్నాడు. ఆ మూడు ముక్కలు విని పిచ్చివాడిలా నవ్వాను. లీవూ వాళ్ళదే, రిమెయినూ వాళ్ళదే.

నేను శ్రావ్యను వెళ్ళమనలేదు. దేవుడి మీద ఒట్టు. ఆ మంగళవారం పొద్దున కూరగాయల మార్కెట్‌కి వెళ్ళొచ్చేసరికి తను లేదు. సూట్‌కేసు లేదు. ఫ్రిజ్ మీద చీటీ ఉంది. అది ఈ ఉత్తరంలో పెట్టాను. మీరే చదవండి. "నేను వెళ్తున్నాను. సెలవు. శ్రావ్య." వెళ్ళొస్తాను అని కాదు. వెళ్తున్నాను. పైగా సెలవు. మా ఇంట్లో పక్క వీధికి పోయేవాడు కూడా వెళ్తున్నాననడు, అంటే మా అమ్మ గుమ్మంలోనే ఆపేసి సరిగ్గా అనమనేది. ఆ చీటీ చదివాక ఏ మొగుడు ఫోన్ చేస్తాడు? "రీచ్డ్" అని మెసేజ్ వచ్చింది. దానికేం జవాబివ్వను?

ఇంకో సంగతి మీకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆ ఓటు కాగితం వారం రోజులు అదే ఫ్రిజ్ పైన ఖాళీగా పడుంది. ఉగాదినాడు తను కూర్చున్న తీరు నాకూ గుర్తొస్తూనే ఉంది. రిమెయిన్ అనే గుర్తు పెడదామని ఒకరోజు పెన్ను కూడా తీశాను. చీటీ చూసిన సాయంత్రం, ఇంట్లో మనిషే వెళ్ళిపోయాక ఇంకెవర్ని ఉండమని ఓటెయ్యాలి అనిపించింది. లీవ్ దగ్గర గుర్తు పెట్టి పోస్టులో పడేశాను.

ఈశ్వర్

---

ఎర్లాంగెన్,
30 జూన్ 2016

చిరంజీవి ఈశ్వర్‌కు మామయ్య దీవెనలు.

నీ ఉత్తరం, చీటీ అందాయి. చీటీ చూడగానే సంగతి తెలిసింది. తప్పు నాది నాయనా. ఎలాగో చెబుతాను, ఓపిగ్గా చదువు.

శ్రావ్యకు తెలుగు రాయడం వచ్చింది నా ఉత్తరాల్లోంచని మొదటే రాశాను. ఆ ఉత్తరాలన్నీ చివర ఏమని ముగుస్తాయి? సెలవు. ఐదేళ్ళలో రెండు వందల పైచిలుకు సెలవులు. దానికి ఆ మాటకు అర్థం ఎప్పుడూ చెప్పలేదు, అది అడగనూ లేదు. నిన్న చీటీ ముందు పెట్టి, దీనర్థం ఏమిటమ్మా అని అడిగాను. "అది చ్యూస్ కదా నాన్నా! కాగితం మీద ఏది రాసినా చివర అది పెట్టాలి, మీరు పెడతారుగా" అంది. ఇక్కడ దిగిపోతూ, బయటికి వస్తూ పాలకొట్టువాడికీ, బస్సు డ్రైవరుకూ బైబై అన్నట్టు చెప్పే చ్యూస్! మరి వెళ్తున్నాను అని రాశావేమంటే, "వెళ్తున్నాను కాబట్టి" అంది. అమ్మకి టెర్మిన్ ఎప్పుడు దొరికితే అప్పుడు వెళ్ళాలని అంతకు నెల ముందే నీకు చెప్పి ఉంచానంది. నువ్వు దాన్ని పిలవవు, అది నిన్ను అడగదు, మధ్యలో నా సెలవు!

వెళ్తానని అనకూడదనీ, వెళ్ళొస్తాననాలనీ దానికి మేం నేర్పలేదు. మేమిద్దరమే ఉండే ఇల్లు. గుమ్మంలో ఆపి సరిచెయ్యడానికి మీ అమ్మగారిలాంటి పెద్దావిడ ఎవరూ లేరు. జర్మన్‌లోనే "ఇష్ గేయె", నేను పోతున్నా, అని అరిచి తలుపేసుకుని పోయేది. మేమూ పనుల తొందరలో సరేననేవాళ్ళం.

ఆ చీటీలో నువ్వేమని చదువుకున్నావో దానికి చెప్పాను. విని నిఘంటువు తెమ్మంది. సెలవంటే ఆఫీసుకు పెట్టేది ఒకటి. పెద్దల దగ్గర పుచ్చుకునే అనుమతి ఒకటి. వీడ్కోలు ఒకటి. ఇంగ్లీషు లీవ్‌కు కూడా ఇవే మూడు ఉన్నాయని అదే కనిపెట్టింది. మీ లాయరు చెప్పిన ముక్కను కాగితం మీద తెలుగులో రాసింది: ఉండటానికి సెలవు. రాసి, నవ్వబోయి ఏడ్చింది. ఈసారి వంటింట్లోకి వెళ్ళలేదు.

ఇంతటితో అంతా సర్దుకుందని సంబరపడకు. చీటీ సంగతి తేలింది గాని ఉగాది సంగతి తేలలేదు. మీ అత్తయ్య, నేను చెప్పి చూశాం, ఈశ్వర్ క్షమాపణగా ఉత్తరం రాస్తాడులే అని. వినదు. "మైకులో అన్న మాట కవర్లో పెట్టి వెనక్కి తీసుకుంటాడా? నేను పదిమందిలో కూర్చున్నాను" అంది. పదిహేనున ఇంటర్వ్యూకు వెళ్తానంటోంది. నేను దాన్ని వద్దనలేను. నీ కార్డు పోతుందని భయపెట్టి దాన్ని పంపించనూ లేను. ఆ కార్డు గురించి నోరు జారినందుకు నన్ను మన్నించు.

ఇక నువ్వే ఆలోచించుకో.

లక్ష్మణరావు

---

రెడింగ్,
11 జూలై 2016

మామగారికి, అత్తయ్యగారికి నమస్కారం.

నిన్న ఆదివారం మా వాళ్ళ వనభోజనాల సంగతి మాట్లాడటానికి అదే హాల్లో సమావేశం పెట్టారు. నేను మైకు అడిగాను. "మళ్ళీ నువ్వా!" అన్నారు గాని ఇచ్చారు.

ఉగాదినాడు ఇక్కడే నిలబడి నా భార్యను కూర్చోమన్నానని చెప్పాను. తను అడిగిన ప్రశ్నకు నా దగ్గర అప్పుడు జవాబు లేదనీ, ఇప్పుడూ లేదనీ, జవాబు లేకే కూర్చోమన్నాననీ చెప్పాను. నేను ఈ దేశంలో ఉన్నది తన పాస్‌పోర్టు మీదేననీ, అది చెప్పుకోవడానికి నామోషీ వేసి పెద్దపెద్ద మాటలు మాట్లాడాననీ చెప్పాను. అప్పుడు వెనక వరసలోంచి ఎవరో, "ఓటేసేశావుగా, ఇంకేంటి, కూర్చోవోయ్!" అని అరిచారు. అందరూ నవ్వారు.

కూర్చున్నాను. ముందు వరసలో, ఎడమనుంచి మూడో కుర్చీ, ఆ రోజు తను కూర్చున్నది. అందులోంచి చూస్తే మైకు చాలా ఎత్తుగా కనిపిస్తుంది మామగారూ. నవ్వు వెనకనుంచి వస్తుంది, ఎవరు నవ్వుతున్నారో కనబడదు. నాకిది తెలియదు.

శ్రావ్యను రమ్మని రాయడం లేదు. ఇంటర్వ్యూకు వెళ్ళమనండి, మంచి ఉద్యోగమైతే చేరమనండి. కార్డు పోతే పోతుంది. తను ఉండటానికి నా సెలవు అక్కర్లేదని మాత్రం చెప్పండి.

ఉంటాను.

ఈశ్వర్

---

ఎర్లాంగెన్,
19 జూలై 2016

చిరంజీవి ఈశ్వర్‌కు,

ఈ ఉత్తరం నీకు అందేసరికి ఇందులో సంగతి నీ ఎదురుగానే ఉంటుంది. అయినా నా అలవాటు కొద్దీ రాస్తున్నాను.

నీ ఉత్తరం కంటే వీడియోనే ముందొచ్చింది. గోవిందరాజులు ఫోన్ చేసి "మీ అల్లుడు మళ్ళీ మైకెక్కాడండోయ్" అన్నాడు. శ్రావ్య నా ఫోన్ తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళి చూసింది. నువ్వు కూర్చునే ముక్క రెండుసార్లు వెనక్కి తిప్పడం నేను చూశాను. పదిహేనున ఇంటర్వ్యూకు వెళ్ళింది. ఉద్యోగం ఇస్తామన్నారు. ఆలోచించుకుని చెబుతానందట. ఇంకా ఏమీ చెప్పలేదు, రేపు నీకేం చెబుతుందో నాకు తెలియదు. రెండేళ్ళలో ఆ దేశం మీ ఇద్దరినీ ఏమంటుందో అసలే తెలియదు.

ఇవాళ పొద్దున మేం కంటి చెకప్‌కు వెళ్ళి వచ్చేసరికి ఇంట్లో లేదు. సూట్‌కేసూ లేదు. గిరిజ ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళి, కొత్త కన్నుతో, తనే పైకి చదివింది. "అమ్మా నాన్నా, వెల్లొస్తాను."

ళ్ళ రాయవలసిన చోట ల్ల రాసింది. ఎర్ర పెన్ను జేబులోనే ఉంది. దిద్దలేదు.

ఉంటాను.

లక్ష్మణరావు